ఐడీ ఫ్యాన్ షాఫ్ట్ మూడుసార్లు విరిగింది, మంచి స్టీల్ వేస్తే ఇంకా తొందరగా విరిగింది

శనివారం రాత్రి పదకొండింటికి ఫోన్. జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ, పేరు వద్దులెండి, మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జ్ గారు చేశారు. "సార్, ఐడీ ఫ్యాన్ షాఫ్ట్ మళ్ళా ఇరిగింది, ఈసారి 19 రోజులే. ఈఎన్ 24 ఏసినం సార్ ఈసారి, డబుల్ రేటు పెట్టి." ఆయన గొంతులో కోపం కంటే అవమానమే ఎక్కువ వినిపించింది, ఎందుకంటే ఈఎన్ 24 అనే ఆ ఖరీదైన అల్లాయ్ స్టీల్ కోసం మేనేజ్‌మెంట్‌తో కొట్లాడి అప్రూవల్ తెచ్చుకున్నది ఆయనే.

మెషిన్ గురించి ముందు చెప్తా. ఊక బ్రికెట్లతో నడిచే బాయిలర్, దాని పొగని లాగి చిమ్నీలోకి తోసే ఇండ్యూస్డ్ డ్రాఫ్ట్ ఫ్యాన్, అదే ఐడీ ఫ్యాన్. 55 కిలోవాట్ మోటార్, నాలుగు సి సెక్షన్ వి బెల్టులు, ఫ్యాన్ స్పీడు నిమిషానికి 1200 తిరుగుళ్ళు. ఇంపెల్లర్, అంటే రెక్కల చక్రం, రెండు బేరింగ్‌ల మధ్యలో ఉంటుంది, పుల్లీ మాత్రం బేరింగ్ అవతల బయటికి వేలాడుతూ ఉంటుంది. బేరింగ్ 22214, అంటే షాఫ్ట్ మీద బేరింగ్ కూర్చునే చోట 70 మి.మీ. మూడు షాఫ్ట్‌లూ విరిగింది ఒకటే చోట, పుల్లీ పక్క బేరింగ్ సీటు దగ్గర. ఫ్యాన్ ఆగితే పొగ బయటికి పోక ఫర్నేస్ నుంచి వెనక్కి కొడుతుంది, బాయిలర్ ఆపాలి, బాయిలర్ ఆగితే స్టీమ్ లేదు, స్టీమ్ లేకపోతే మొత్తం లైన్ ఖాళీగా కూర్చుంటుంది. అందుకే ఆయనకి రాత్రి పదకొండు అనేది లెక్కలో లేదు.

ఆదివారం పొద్దున వెళ్ళేసరికి విరిగిన ముక్కలు షెడ్‌లో ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి పెట్టారు, అది నేను రాత్రే ఫోన్‌లో చెప్పా: విరిగిన రెండు ముఖాలని కలిపి అతికించి చూడొద్దు, చేత్తో తుడవొద్దు, పైన కాస్త నూనె రాసి కవర్ చుట్టండి అని. ఇది చెప్పకపోతే వంద మందిలో తొంభై మంది చేసే మొదటి పని, రెండు ముక్కల్నీ దగ్గరికి తెచ్చి "ఇగో ఇక్కడ సరిగ్గా కూర్చుంటంది సార్" అని టకటకా కొట్టి చూపించడం, అంతే, మనకి కావలసిన గుర్తులన్నీ అక్కడే నలిగిపోతాయి.

హిస్టరీ అడిగితే ఇలా తేలింది. మొదటి షాఫ్ట్ ఫ్యాన్‌తో పాటు వచ్చింది, ఈఎన్ 8, అంటే మామూలు కార్బన్ స్టీల్, ఎనిమిదేళ్ళు నడిచింది. తర్వాత బేరింగ్ మార్చారు, కొన్నాళ్ళకి సీటు అరిగింది, వెల్డింగ్ ఫిల్లింగ్ (అరిగిన చోట వెల్డింగ్ పూసి మందం పెంచడం) చేసి లేత్ మీద తిప్పించి వేశారు, ఐదు నెలల్లో విరిగింది. రెండోది బాలానగర్‌లో కొత్తగా చేయించారు, అదీ ఈఎన్ 8. ఏడాదికి సీటు లూజు అయింది, మొదట పంచ్‌తో చుక్కలు కొట్టి బిగించారు, అది నెల రోజులు కూడా ఆగలేదు, మళ్ళీ వెల్డింగ్ ఫిల్లింగ్, నాలుగు నెలలకి విరిగింది. మూడోది ఈఎన్ 24. ఆరు నెలలకి సీటు లూజు, ఫిల్లింగ్, 19 రోజులు.

ఇక్కడే కొంచెం ఆగండి. ఆయన దృష్టిలో ప్రశ్న "ఏ స్టీల్ వేస్తే విరగదు" అనేది. ఈఎన్ 24 కూడా ఆగలేదు కాబట్టి ఇంకా పైది ఏముంది అని అడుగుతున్నారు, కంచన్‌బాగ్‌లో స్పెషల్ లోహాలు చేసే ప్రభుత్వ కంపెనీ మిధాని వాళ్ళ దగ్గర స్పెషల్ స్టీల్ ఏదైనా దొరుకుతుందా అని కూడా అడిగారు. కానీ హిస్టరీలో నాకు కనిపించింది వేరే. ఫిల్లింగ్ చేయని షాఫ్ట్ ఒక్కటి కూడా విరగలేదు, ఫిల్లింగ్ చేసిన షాఫ్ట్ ఒక్కటి కూడా మిగల్లేదు.

అయినా నేను మొదట తప్పు దారే పట్టాను, అది కూడా చెప్పాలి. అంతకుముందు వాళ్ళు తీసిన వైబ్రేషన్ రీడింగ్ సెకనుకి 7 మి.మీ. దాకా ఉంది, ఊక బూడిద ఇంపెల్లర్‌కి పట్టుకుని అన్‌బ్యాలెన్స్ వచ్చి షాఫ్ట్‌ని వంచి వంచి విరగ్గొట్టిందేమో అనుకుని అర రోజు ఇంపెల్లర్ బూడిద గీకించి బ్యాలెన్సింగ్ వాడికి ఫోన్లు చేస్తూ గడిపా. టీ తాగుతుంటే తట్టింది: అన్‌బ్యాలెన్స్ బరువు షాఫ్ట్‌తో పాటే తిరుగుతుంది, కాబట్టి షాఫ్ట్‌లో లాగబడే పక్క ఎప్పుడూ లాగబడే ఉంటుంది, నొక్కబడే పక్క నొక్కబడే ఉంటుంది, మారదు. బేరింగ్‌కి, ఫౌండేషన్‌కి అది దెబ్బే, కానీ షాఫ్ట్‌ని అటూ ఇటూ వంచేది అది కాదు. బెల్టు లాగుడు అలా కాదు, అది ఎప్పుడూ మోటార్ వైపే, షాఫ్టేమో తిరుగుతూ ఉంటుంది, కాబట్టి షాఫ్ట్ ఉపరితలం మీద ప్రతి బిందువూ ఒక్కో చుట్టులో ఒకసారి లాగుడు, ఒకసారి నొక్కుడు చూస్తుంది. రోజుకి 24 గంటల లెక్కన 17 లక్షల సార్లకి పైన. ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తూ కూడా ఒక్కోసారి వైబ్రేషన్ నంబర్ చూడగానే బుర్ర అటే పోతుంది.

సరే విరిగిన ముఖం దగ్గరికి వద్దాం. కవర్ విప్పి కిరోసిన్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో నూనె కడిగి, ఎండలో పెట్టి, టార్చ్ పక్కనుంచి పడేలా పట్టుకుని చూశా. షాఫ్ట్ అక్షానికి అడ్డంగా, కత్తితో కోసినట్టు చదునుగా విరిగింది. మెలికతో విరిగితే 45 డిగ్రీల ఏటవాలు మెట్లు కనిపించేవి, లేవు. ముఖంలో ఎక్కువ భాగం సన్నగా, ముఖమల్ గుడ్డ తిరగేసినట్టు నునుపు. ఒక పక్క అంచున మాత్రం చంద్రవంకంత చోటు గరుగ్గా, మెరుస్తూ, పంచదార ముద్ద విరిచినట్టు ఉంది. ఫిట్టర్ తమ్ముడు ఆ మెరిసే చోటు చూపించి, "దానా పడ్డది సార్, లోపల లోహం ఖరాబ్ ఉండె" అన్నాడు.

ఈ "దానా పడింది" అనే మాట ప్రతి షాపులో వింటా, తిప్పీ తిప్పీ లోహం గింజ కట్టి విరిగిందని వాళ్ళ ఉద్దేశం. వాళ్ళని నవ్వడానికి లేదు, 1842లో ఫ్రాన్స్‌లో వెర్సాయ్ దగ్గర రైలు యాక్సిల్ విరిగి ఘోరం జరిగినప్పుడు పెద్ద పెద్ద ఇంజనీర్లూ ఇలాగే, నడిచీ నడిచీ ఇనుము స్ఫటికంలా మారిపోతుందనే అనుకున్నారు. లోహం గింజలు పుట్టినప్పటి నుంచీ ఉన్నవే, ఆ గరుకు చోటు ఆఖరి క్షణంలో ఒక్కసారిగా తెగిన చోటు, అంతే. నునుపు చోటు మాత్రం పగులు రోజూ కొంచెం కొంచెం పాకుతూ వచ్చిన దారి. ఆ తమ్ముడికి చెప్పింది ఒక్కటే: ఆ గరుకు చోటు ఎంత చిన్నగా ఉందో చూడు. మొత్తం ముఖంలో సుమారు 15 శాతం. అంటే 85 శాతం తెగిపోయాక కూడా మిగిలిన ఆ కాస్త ముక్క లోడు మోసింది. లోడు నిజంగా ఎక్కువై విరిగితే పగులు కొంచెం పాకగానే మిగతాది ఫట్ మని తెగేది, గరుకు చోటు పెద్దగా ఉండేది. కాబట్టి లోడుకి స్టీల్ బలం చాలకపోవడం అనే ప్రశ్నే లేదు, స్టీల్ బలం అక్కర్లేనంత మిగిలి ఉంది.

రెండో షాఫ్ట్ ముక్క ఒకటి స్టోర్‌లో గ్రీజు పూసి ఉంది, అదృష్టం. (మొదటిది స్క్రాప్‌కి పోయింది.) దాని ముఖం మీద చెట్టు మొద్దులో వలయాల్లాగా గీతలు, బీచ్ మార్కులు అంటాం. ఈ బాయిలర్ ప్రతి ఆదివారం ఆపుతారు, ఆపి మళ్ళీ మొదలెట్టినప్పుడల్లా పగులు అంచున ఒక గీత మిగులుతుంది. పదకొండు స్పష్టంగా లెక్కపెట్టా. అంటే నాలుగు నెలల్లో కనీసం ఆఖరి పదకొండు వారాలు ఆ షాఫ్ట్ పగులుతోనే తిరిగింది, ఆ పదకొండు ఆదివారాల్లో ఏ ఒక్కరోజు చూసినా దొరికేది. మూడోదాని మీద గీతలు రెండే.

గీతలన్నీ వెనక్కి పట్టుకుని పోతే పగులు పుట్టిన చోటు తేలుతుంది. రెండింట్లోనూ అది ఫిల్లింగ్ చేసిన పూత కింద, కాలర్ (బేరింగ్ ఆనుకునే మెట్టు) వైపు అంచున, వెల్డింగ్ రాడ్డు ఆపిన చోట. మూడోదాంట్లో ఇంకొకటి కూడా ఉంది, కాలర్ మూల దగ్గర రేడియస్ లేదు, కోసు టూల్‌తో గీసినట్టు పదునైన మూల. వేలిగోరు పెడితే ఆగిపోతుంది.

ఆ చోటు కోయించి బాలానగర్ వైపు ఒక ల్యాబ్‌లో ఇచ్చా. లోహంలో ఏ మూలకం ఎంతుందో చెప్పే స్పెక్ట్రో టెస్ట్‌లో మెటీరియల్ నిజంగానే ఈఎన్ 24: కార్బన్ 0.39, నికెల్ 1.45, క్రోమియం 1.15, మాలిబ్డినం 0.27, మాంగనీసు 0.58. కాబట్టి షాపువాడు మోసం చేశాడన్న ఇన్‌ఛార్జ్ గారి అనుమానం పోయింది. అసలు మోసం చేసుంటేనే ఇంకో మూడు నెలలు నడిచేదేమో. ఎందుకంటే ఈ అంకెల్తో కార్బన్ ఈక్వివలెంట్ (వెల్డింగ్‌కి స్టీల్ ఎంత మొండిదో చెప్పే అంకె) లెక్క వేస్తే, అంటే మాంగనీసుని 6తో, క్రోమియం మాలిబ్డినం కలిపి 5తో, నికెల్‌ని 15తో భాగించి కార్బన్‌కి కలిపితే, 0.87 వస్తుంది. రెండో షాఫ్ట్ ఈఎన్ 8కి 0.53. మామూలుగా 0.45 దాటితేనే ప్రీహీట్ లేకుండా, అంటే ముందు వేడి చేయకుండా, వెల్డింగ్ ముట్టుకోవద్దంటారు. ఏ మూలకాలు ఈఎన్ 24కి బలం ఇస్తాయో అవే దాన్ని వెల్డింగ్‌కి పగోడిని చేస్తాయి.

ఎలాగంటే, చల్లటి 70 మి.మీ. షాఫ్ట్ మీద చిన్న వెల్డింగ్ పూస పడగానే దాని కిందున్న స్టీల్ ఎర్రగా కాలి, పక్కనున్న బరువైన చల్లటి స్టీల్ ఆ వేడిని క్షణాల్లో లాగేసుకుంటుంది, నూనెలో ముంచి హార్డెనింగ్ చేసినట్టే. ఆ తర్వాత మళ్ళీ కాస్త వేడి చేసి పెళుసుతనం తగ్గించే టెంపరింగ్ లేదు. దాంతో పూస కింద పలచని పొర గాజులా పెళుసైన మార్టెన్‌సైట్ అవుతుంది. ల్యాబ్‌లో గట్టిదనం కొలిస్తే షాఫ్ట్ లోపల 285 విక్కర్స్, పూస కింద పొరలో 570 నుంచి 610. రెండో షాఫ్ట్‌లో లోపల 195, పూస కింద 440 దాకా. ఆ పొరలో 350 దాటితేనే పగుళ్ళ భయం అని రూలు పెట్టుకుంటాం మేము.

దీనికి తోడు రాడ్డు. ఏ రాడ్డు వాడారని అడిగితే 6013. బయట గేటు గ్రిల్లులు వెల్డ్ చేసే రాడ్డు అది, ఈజీగా నడుస్తుంది, పూస అందంగా వస్తుంది, కానీ దాని పూతలోని తేమ నుంచి హైడ్రోజన్ బాగా దిగుతుంది, పైగా జులై వానల్లో ప్యాకెట్ విప్పి షెడ్‌లో పెట్టినవి. పెళుసు పొర, హైడ్రోజన్, వెల్డ్ చల్లబడి ముడుచుకునేటప్పటి లాగుడు, ఈ మూడూ కలిస్తే పూస కింద పగులు వస్తుంది, అది కూడా వెంటనే రాదు, కొన్ని గంటలకో మర్నాడో వస్తుంది. అందుకే లేత్ మీద తిప్పాక అంతా క్లీన్‌గానే కనిపించింది. పైన అర మి.మీ. వెల్డ్ పొర, దాని కింద దాక్కున్న పగులు. సెక్షన్ తీసి పాలిష్ చేసి నైటాల్ (ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ యాసిడ్) పూసి మైక్రోస్కోప్‌లో చూస్తే విరగని పక్కన కూడా ఇలాంటివి ఇంకో మూడు కనిపించాయి, ఒకటి దాదాపు 2 మి.మీ. లోతు. ఎర్ర రంగు పూసే డీపీ టెస్ట్ చేసినా ఇవి దొరికేవి కావు, పైకి తెరుచుకుని ఉంటేనే ఆ రంగు లోపలికి దిగుతుంది.

ఇప్పుడు లెక్క. పుల్లీ 315 మి.మీ., టార్క్ (తిప్పే బలం) 438 న్యూటన్ మీటర్లు, బెల్టులు సరిగ్గా బిగిస్తే షాఫ్ట్‌ని పక్కకి లాగేది సుమారు 5000 న్యూటన్లు, అంటే 500 కిలోల బరువు అనుకోండి. పుల్లీ మధ్య నుంచి బేరింగ్ మధ్యకి 170 మి.మీ. ఈ లెక్కన సీటు దగ్గర వంపు స్ట్రెస్ 25 మెగాపాస్కల్. మామూలు ఈఎన్ 8 షాఫ్ట్, ఉపరితలం, సైజు, మూల అన్నీ తగ్గించుకున్నా 120 దాకా ఎన్ని కోట్ల తిరుగుళ్ళైనా మోస్తుంది. కానీ వాళ్ళ బెల్టులు సరిగ్గా లేవు. బెల్టు మధ్యలో టేబుల్ ప్రకారం బలంతో నొక్కితే మీటరు స్పాన్‌కి 16 మి.మీ. దిగాలి, వాళ్ళ స్పాన్ 900 కాబట్టి 14 పైన రావాలి, నేను నొక్కితే 6 దిగింది. వీణ తీగలా ఉంది. అంటే లాగుడు రెట్టింపు పైనే, స్ట్రెస్ 50. అయినా 120కి దూరమే, బెల్టు ఒక్కటే అయితే షాఫ్ట్ విరిగేది కాదు.

కానీ 2 మి.మీ. పగులు ఆల్రెడీ ఉన్నప్పుడు లెక్క స్ట్రెస్‌తో కాదు, పగులు కొన దగ్గర ఎంత జోరు ఉందో దానితో. వెల్డింగ్ వల్ల ఆ పొర ఎప్పుడూ లాగుడులోనే ఉంటుంది కాబట్టి వంపులో నొక్కుడు భాగం కూడా పగులుని మూయదు, ప్లస్ 50 నుంచి మైనస్ 50 దాకా మొత్తం 100 మెగాపాస్కల్ ఊపు పగులు మీద పనిచేస్తుంది. అలా వేస్తే ఆ జోరు, అంటే స్ట్రెస్ ఇంటెన్సిటీ రేంజ్, సుమారు 5.5 మెగాపాస్కల్ రూట్ మీటర్ వస్తుంది. ఇలాంటి లాగుడులో ఉన్న స్టీల్‌లో పగులు కదలడం మొదలయ్యేది 2 నుంచి 3 మధ్య. బెల్టు సరిగ్గా ఉండుంటే 2.8 వచ్చేది, అదీ గీత మీద ఉన్నట్టే కానీ నెలలు సంవత్సరాలు అయ్యేది. ఇక్కడ స్టీల్ గ్రేడు ఎక్కడా రాలేదు చూడండి. పగులు ఒకసారి ఉంటే అది పాకే వేగంలో ఈఎన్ 8కి ఈఎన్ 24కి చెప్పుకోదగ్గ తేడా ఉండదు, ఖరీదైన స్టీల్ పగులు పుట్టకుండా ఆపడంలోనే పనికొస్తుంది, వీళ్ళు పగులుని ముందే పుట్టించి ఇచ్చారు, ఈఎన్ 24లో ఇంకా పెద్దవి, ఇంకా ఎక్కువ పుట్టించారు.

ఇంతవరకు ఎందుకు విరిగిందో అయింది. కానీ ఇన్‌ఛార్జ్ గారు అడిగిన అసలు ప్రశ్న ఇంకోటి: "సార్, ఫిల్లింగ్ మేం సరదాకి చేస్తలేం, సీటు అరుగుతోంది, ఏం చెయ్యమంటరు?" కరెక్టే. సీటు ఎందుకు అరుగుతోంది?

షాఫ్ట్‌కి రెండో కొస ఉంది కదా, పుల్లీ లేని పక్క, దానికి ఎప్పుడూ ఫిల్లింగ్ చేయలేదు. అక్కడ మైక్రోమీటర్ పెట్టి నాలుగు చోట్ల కొలిస్తే 69.975 నుంచి 69.980. బేరింగ్ లోపలి కన్నం 69.985 నుంచి 70.000 మధ్య ఉంటుంది. అంటే షాఫ్ట్ కన్నం కంటే చిన్నది, చేత్తో తోస్తే జారిపోయే ఫిట్. బాలానగర్ వెళ్ళి ఆ లేత్ షాపు చాచాని అడిగా, ముప్పై ఏళ్ళ నుంచి టర్నింగ్ చేస్తున్న మనిషి, చెయ్యి భలే నీటు. "చాచా, ఇది 70 ప్లస్‌లో ఎందుకు ఉంచలే?" అంటే, "సాబ్, ప్లస్ పెట్టిస్తే మీవోళ్ళు బేరింగ్ ఎక్కలేదని మళ్ళీ నా దగ్గరికే తీస్కొస్తరు, తక్కువ చెయ్యి చాచా అంటరు. నేనేం జేస్త?" అన్నాడు. తిరిగొచ్చి ఫిట్టర్ తమ్ముడిని అడిగితే వాడు దాచుకోలేదు. "అవు సార్, ఎక్కకపోతే ఎమరీ పేపర్ కొడ్తం. మొదటి షాఫ్ట్‌కి గూడ గట్లనే కొట్టిన, అప్పుడు మంచిగ జారింది."

ఎనిమిదేళ్ళు నడిచిన షాఫ్ట్ చావు ఆ ఎమరీ పేపర్‌తో మొదలైంది.

లూజు ఫిట్ అయితే ఏమవుతుందో వాడికి కూర్చోబెట్టి లెక్క చేసి చూపించా. బెల్టు లాగుడు ఒక పక్కే, షాఫ్ట్ తిరుగుతుంది, కాబట్టి బేరింగ్ లోపలి రింగు షాఫ్ట్ మీద దొర్లుతుంది, బొటనవేలికి పెద్ద ఉంగరం పెట్టుకుని తిప్పినట్టు. ఖాళీ 20 మైక్రాన్లే అనుకో, ఒక్కో చుట్టుకి 0.06 మి.మీ. వెనకబడుతుంది. ఏముంది అనిపిస్తుంది. దాన్ని రోజుకి 17 లక్షలతో గుణిస్తే నూరు మీటర్ల పైన. గట్టిగా హార్డెన్ చేసిన రింగు, మెత్తటి షాఫ్ట్ మీద, రోజూ నూరు మీటర్లు రుద్దుకుంటూ పోతోంది. వాడు కాసేపు ఆ నంబర్ వైపే చూశాడు. ఇదే లోడు ఉన్న చోట మేము 70 మి.మీ.కి ఎమ్6 అనే బిగుతు ఫిట్ అడుగుతాం, అంటే షాఫ్ట్ 70.011 నుంచి 70.030 మధ్య ఉండాలి. చల్లటి బేరింగ్ దాని మీదకి ఎక్కదు, ఎక్కకూడదు కూడా. 80 డిగ్రీలు వేడెక్కిస్తే కన్నం సుమారు 67 మైక్రాన్లు తెరుచుకుంటుంది, అప్పుడు చేత్తో పెట్టొచ్చు. వీళ్ళ దగ్గర ఇండక్షన్ హీటర్ లేదు, పైపు పెట్టి సుత్తితో కొడతారు, సుత్తితో కొట్టేవాడు లూజుగానే కోరుకుంటాడు, అది మానవ స్వభావం.

ఇంకా బెల్టులు. ఎందుకంత బిగించారంటే స్టార్ట్ చేసినప్పుడు కీచుమని అరుస్తాయట, అరిచినప్పుడల్లా మోటార్ని వెనక్కి జరిపి బిగిస్తారు. ఎందుకు అరుస్తాయి? ఈ ఫ్యాన్ 160 డిగ్రీల పొగకి సెట్ చేసింది, సోమవారం పొద్దున చల్లటి గాలితో స్టార్ట్ అవుతుంది, చల్లటి గాలి బరువు ఎక్కువ, లెక్క వేస్తే లోడు 40 శాతం పైన ఎక్కువ. అందుకే స్టార్టింగ్‌లో డ్యాంపర్, అంటే గాలి దారికి అడ్డం పెట్టే తలుపు, మూసి ఉంచాలి. పైకి ఎక్కి చూస్తే దాన్ని తిప్పే డ్యాంపర్ యాక్చుయేటర్ ఎప్పుడో పట్టేసింది, సగం తెరిచి ఉన్నచోటే ఆగిపోయింది, ఎవరికీ గుర్తు లేదు. బెల్టు బిగించడం వల్ల ఇంకో నష్టం కూడా, బేరింగ్ మీద లోడు రెట్టింపు అయితే రోలర్ బేరింగ్ ఆయుష్షు పదో వంతుకి పడిపోతుంది, అందుకే మాటిమాటికీ బేరింగ్ మార్పు, మార్చినప్పుడల్లా ఎమరీ పేపర్.

ఇచ్చిన పరిష్కారం చాలా సాదా. మళ్ళీ ఈఎన్ 8, నార్మలైజ్ చేసిన బార్, రాణీగంజ్‌లో కొన్నారు, సర్టిఫికెట్ ఇచ్చారు కానీ సర్టిఫికెట్‌కీ బార్‌కీ ఒక్కోసారి పరిచయం ఉండదు కాబట్టి స్పెక్ట్రో, లోపలి పగుళ్ళు పట్టే అల్ట్రాసోనిక్ టెస్ట్ రెండూ చేయించా. బేరింగ్ సీట్లు చాచా టర్న్ చేశాక గ్రైండింగ్‌కి పంపించాం, 70.018 నుంచి 70.024 వచ్చింది. కాలర్ మూల 1.2 మి.మీ. రేడియస్, దానికోసం చాచాకి రేడియస్ టూల్ గేజ్‌తో సహా ఇచ్చా, డ్రాయింగ్‌లో రాస్తే సరిపోదు. బేరింగ్ సీ3 క్లియరెన్స్, అంటే లోపల మామూలుకంటే ఎక్కువ ఖాళీ ఉండేది, ఎందుకంటే బిగుతు ఫిట్, వేడి పొగ రెండూ లోపలి ఖాళీని తింటాయి. హీటర్ అద్దెకి తెచ్చాం, 110 డిగ్రీల దగ్గర ఆపి పెడితే, తమ్ముడు సుత్తి చేతిలో పట్టుకుని రెడీగా నిలబడ్డాడు, బేరింగ్ సొంతంగా జారి కాలర్‌కి ఆనుకుంది. "ఇంతేనా సార్" అన్నాడు. వాడి మొహంలో కొంచెం నిరాశ కూడా ఉంది.

ఈసారి సీటు అరిగితే ఏం చేయాలనేది కూడా రాసిచ్చా, ఎందుకంటే వెల్డింగ్ వద్దు అని మాత్రమే చెప్తే నేను పోగానే చేస్తారు. అరుగుదల చిన్నదైతే కరిగిన లోహాన్ని చిమ్మి పూసే మెటల్ స్ప్రే, దాంట్లో షాఫ్ట్ ఎక్కువ వేడెక్కదు, పెళుసు పొర రాదు. పెద్దదైతే స్లీవ్ (తొడుగు) వేయొచ్చు గానీ దానికోసం షాఫ్ట్‌ని 65కి తగ్గిస్తే స్ట్రెస్ పాతిక శాతం పెరుగుతుంది, అది చూసుకోవాలి. బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ వాళ్ళ లేజర్ క్లాడింగ్ (లేజర్‌తో లోహం పూత వేయడం) గురించి ఇన్‌ఛార్జ్ గారు ఎక్కడో చదివి అడిగారు, టెక్నాలజీ మంచిదే, కానీ 57 కిలోల ఈఎన్ 8 షాఫ్ట్‌కి అంత కష్టం దేనికి, కొత్తది చేయించుకుంటే అయిపోతుంది. 300 డిగ్రీల ప్రీహీట్, ఓవెన్‌లో కాల్చిన 7018 అనే తక్కువ హైడ్రోజన్ రాడ్డు, నెమ్మదిగా చల్లార్చి స్ట్రెస్ రిలీవ్ చేస్తే ఈఎన్ 24ని కూడా వెల్డ్ చేయొచ్చని కొందరంటారు. చేయొచ్చు. గేర్ పళ్ళకీ, పెద్ద రోలర్లకీ నేనే చేయించా. కానీ తిరుగుతూ వంగే షాఫ్ట్‌లో బేరింగ్ సీటు మీద మాత్రం నేను ఒప్పుకోను, అక్కడ చిన్న తప్పుకి కూడా క్షమాపణ ఉండదు, వెల్డింగ్ వేడికి షాఫ్ట్ వంకర పోతే అది ఇంకో కథ.

ఈ గొడవలో రెండో ఫ్యాన్ ఒకటి ఉందని నాకు చివర్లో తెలిసింది, పక్క బాయిలర్‌ది, అదే సైజు. "దానికి కూడా ఫిల్లింగ్ చేసినం సార్, అది మంచిగనే నడుస్తంది" అన్నారు. ఆ ఆదివారమే ఆపించి షాఫ్ట్ కొస నుంచి అల్ట్రాసోనిక్ పెట్టిస్తే సీటు దగ్గర సిగ్నల్ లేచింది. బేరింగ్ తీసి డీపీ చేస్తే చుట్టూ 40 మి.మీ. పొడవున ఎర్ర గీత, అప్పటికే పైకి తెరుచుకుంది. దాన్ని చూశాకే ఎండీ గారు కొత్త షాఫ్ట్‌లు రెండింటికీ సంతకం పెట్టారు, అప్పటిదాకా నా రిపోర్ట్ ఆయన టేబుల్ మీద ఉంది.

మొదటి ఫ్యాన్‌కి కొత్త షాఫ్ట్ వేసి 14 నెలలయింది. ఏడాదికి బేరింగ్ విప్పకుండానే కొస నుంచి అల్ట్రాసోనిక్ చేయించా, సిగ్నల్ లేదు. బూడిద గీకి బ్యాలెన్స్ చేశాక వైబ్రేషన్ 2.6 దగ్గర ఉంది. బెల్టులు నాలుగూ ఒకేసారి మార్చి, తమ్ముడు ప్రతి సోమవారం స్కేలు పెట్టి నొక్కి ఫోటో వాట్సాప్‌లో పెడతాడు, 14, 15, ఒకసారి 18 వస్తే మళ్ళీ సరిచేశాడు. ఇండక్షన్ హీటర్ కొన్నారు. డ్యాంపర్ యాక్చుయేటర్ మాత్రం ఇంకా పర్చేజ్‌లోనే ఉంది, మూడు కొటేషన్లు కావాలట, రెండే వచ్చాయి. అప్పటిదాకా డ్యాంపర్ లివర్‌కి చైన్ కట్టి కింద నుంచి లాగి మూస్తున్నారు, పగలు షిఫ్ట్ వాళ్ళు లాగుతారు. నైట్ షిఫ్ట్ వాళ్ళు లాగుతున్నారో లేదో తెలుసుకోవాలంటే సోమవారం తెల్లారుజామున వెళ్ళి బెల్టులు అరుస్తున్నాయా అని వినాలి.